సీలు తెంపిన కట్టలు

మొన్న ఉప్పల్ బస్టాపులో ఎండకు ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే, పేకకట్టలు పోగేసే మా గ్రూపులో ఎవరో కుర్రాడు కొత్త పెట్టె ఫోటో పెట్టాడు. పైనున్న ప్లాస్టిక్ కవరైనా తియ్యలేదు. తియ్యడట కూడా. దానికే చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. ఈ గ్రూపు మొదలుపెట్టిన నలుగురిలో నేనొకణ్నని అందులో చాలామందికి తెలియదు. చెప్పుకునే ఓపిక నాకూ లేదు. ఫోన్ జేబులో పడేసి, నాగారం బస్సు కోసం మళ్లీ ఎదురుచూస్తూ నిలబడ్డాను.

అప్పట్లో గ్రూపంటే నాచారంలో మామ వాళ్ల అద్దె పోర్షన్ వరండా. మామ నాకు చుట్టమేమీ కాదు, అక్కడి ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. వాడకట్టంతా ఆయన్ని మామ అనీ, ఆయన భార్యను అత్త అనీ పిలిచేది. ఆదివారం సాయంత్రం మామా, నేనూ, ఉప్పల్ బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మా, రైల్వేలో పనిచేసే ఒక అన్నా చాప మీద చేరేవాళ్లం. అత్త మిరపకాయ బజ్జీలతో పాటు చేతులు తుడుచుకోవడానికి ఒక గుడ్డ కూడా ఇచ్చేది, ముక్కలకు నూనె అంటితే మామ రెండు రోజులు అన్నం సరిగ్గా తినడని. ఎవరో ఒకరు సంపాదించుకొచ్చిన కొత్త కట్టను మధ్యలో పెట్టేవాళ్లం. దాని సీలు తెంపే హక్కు, ఆ వారం అందరికన్నా ఎక్కువ కష్టం పడ్డవాళ్లది. అది తేలడానికే చాలాసేపు పట్టేది. రైల్వే అన్న ఆఫీసరు తిట్టిన తిట్లన్నీ ఏకరువు పెట్టేవాడు. నేను మా బోరు ఎండిపోయిన సంగతి ఎత్తుకునేవాణ్ని. టీచరమ్మ మాత్రం నెమ్మదిగా, "మా అత్తమ్మ అచ్చి వారమాయె" అనేది. ఇంకెవరూ పోటీకి దిగేవాళ్లు కాదు, కట్ట ఆమె చేతికే వెళ్లేది. సీలు తెగగానే కొత్త రంగు వాసన వచ్చేది. ముక్కలు ఒక్కొక్కటిగా చేతులు మారేవి. ఈ రాణి ఎవరి పోలిక, ఆ జాకీ ఎందుకు ముఖం మాడ్చుకున్నాడు అని మాట్లాడుకుంటుంటే వారమంతా మోసిన బరువు దిగిపోయేది. అంత సుఖంగా నేను మళ్లీ ఎక్కడా కూర్చోలేదు.

తర్వాత టీచరమ్మకు బదిలీ అయింది. రైల్వే అన్న పోయాడు. వరండా పోయి ఫోన్ వచ్చింది, ముఖాలు తెలియని జనం వచ్చారు. పోయిన నెల మామ ఫోన్ చేశాడు. అత్త మోకాళ్లు పనిచెయ్యక నాగారంలో కింది అంతస్తు ఫ్లాటుకు మారుతున్నారట. చిన్న ఇల్లు, రెండు బీరువాల కట్టలకు చోటు లేదు. "మన గ్రూపుల ఎవరన్న తీస్కుంటరేమో అడుగు జర. పైసలొద్దు. అన్ని ఒక్కతాన ఉంటె సాలు" అన్నాడు. జన్మంతా పోగేసినవి చెల్లాచెదురు కాకూడదన్నదొక్కటే ఆయన కోరిక. మా ఇంట్లో మంచం కింద నా కట్టలతోనే కాళ్లు పెట్టే సందు లేదు. గ్రూపులో అడిగాను. జవాబులు వెంటనే వచ్చాయి. "సీల్ తీసినవి కదా అంకుల్, వద్దు." "ఓపెన్ చేస్తే ఇక కలెక్షన్ ఏముంటుంది?" ఒకడు నవ్వుతున్న బొమ్మ పెట్టాడు. నాకు ఒళ్లు మండింది, కాసేపటికి మంట కూడా చల్లారి నీరసం మిగిలింది.

మామకు మెల్లగా చెబుదామని నాచారం వెళ్లాను. గ్రూపులో ఆయన కూడా ఉన్నాడని నాకు గుర్తే లేదు. "సూసిన. పిలగాండ్లది తప్పేం లేదు. ఆళ్లకు డబ్బాలు గావాలె, మనకు లోపలి పత్తాలు గావాలె" అన్నాడు. కట్టలన్నీ అప్పటికే గోనెసంచుల్లోకి ఎక్కాయి. కొత్త ఇంటి దగ్గర పార్కులో సాయంత్రాలు రమ్మీ ఆడే పెద్దవాళ్లున్నారట, వాళ్లకు ఇచ్చేస్తాడట.

"ఆడితే నలిగిపోతయి గద మామా" అన్నాను.

"నలగనీ. మనం నలగలేదా ఏంది?"

మొన్న నాగారం బస్సెక్కింది ఆయన్ని చూడడానికే. మామ పార్కులో సిమెంటు బల్ల మీద, ముగ్గురు ముసలివాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పడుతున్న ముక్కలు మావే. ఒక ఆసుకు అప్పుడే మూల విరిగింది. చూడలేక వెనక్కి తిరగబోయాను.

"కూసో అన్నా, ఒక మనిషి తక్కువున్నడు" అన్నాడు వాళ్లలో ఒకాయన.

"నాకు ఆట రాదు" అన్నాను. నిజంగానే రాదు. పేకాట అనుకుని ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమంటాడేమోనని ఆ వరండాలో మేము ఒక్కసారైనా ముక్కలు పంచుకోలేదు.

"నాకు గూడ రాకపోతుండె. మొన్ననే నేర్చుకున్న" అన్నాడు మామ తలెత్తకుండా. ఆయన చేతిలో ముక్కలు జారిపోతున్నాయి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తేలక నుదురు చిట్లిస్తున్నాడు. నేను కూర్చున్నాను. నాకూ పదమూడు ముక్కలు వేశారు. కాలం నేర్పాల్సినవన్నీ నేర్పుతుంది గానీ, మనకు ఓపిక ఉన్నన్నాళ్లూ ఊరుకుని, అది అయిపోయాక మొదలుపెడుతుంది.