గంజి పట్టిన పోగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గంజి పారబోయడమంటే పాపం చేసినట్టే. మాది కరీంనగర్ దగ్గర ఒక నేతవాడ. అన్నం వార్చగానే మా అవ్వ, అదే మా అమ్మ, ఆ గంజిలో సగం నూలుకు పెట్టేది, సగం మాకు పోసేది. గంజి పడితేనే పోగు తెగకుండా నిలుస్తుంది. మేమూ అంతేనేమో అనుకునేదాన్ని.

నాన్నను బాపు అనేవాళ్లం. ఆయనది గుంట మగ్గం. గుంటలో కాళ్లు పెట్టి, పొద్దంతా తొక్కుతూ నేసేవాడు. ఒక ఏడు ఆయన బొటనవేలికి దెబ్బ తగిలి ఎంతకీ మానలేదు. పట్నం ఆసుపత్రికి పోతే షుగర్ అన్నారు. మందులిచ్చి, అన్నం బాగా తగ్గించమని చెప్పి పంపారు. ఎందుకని అడగడం మావాళ్లకు తెలియదు. ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన పెద్దవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ మాటను మా అవ్వ ఎంత నిష్ఠగా పట్టుకుందని! బాపు కంచంలో మెతుకు కనపడనిచ్చేది కాదు. మరి మగ్గం తొక్కే మనిషి కడుపు మాడితే ఎట్లా? అందుకని చిక్కటి గంజి చెంబు నిండా పోసి, ఎదురుగా కూర్చుని తాగించేది. "అన్నం బంద్ వెట్టినం గద, ఇగ ఫికర్ లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పుండు మాత్రం పాదం మీదికి పాకింది.

అప్పుడే పక్కింటి అక్క సెలవులకు వచ్చింది. మా వాడలో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల ఆమే, కరీంనగర్‌లో నర్సు చదువు చదువుతుండేది. బాపును చూడ్డానికి వచ్చి, అవ్వ చేతిలో చెంబు చూసింది. నాతో నూలు పోగు తెప్పించి, ఆ గంజిలో ముంచి, ఎండలో ఆరనిచ్చింది. పోగు పుల్లలా నిలబడింది.

"చిన్నమ్మా, గీ పోగు ఎట్ల గట్టివడ్డది?"

"గంజి వట్టింది గద బిడ్డా."

"గంజిల ఏమున్నది మరి?"

"ఏముంటది, అన్నంల సారమే..." అంటూ అవ్వ ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి నూలుకు గంజి పెట్టిన మనిషికి అంతకుమించి చెప్పాల్సిన పని లేదు. చెంబు కింద పెట్టేసి, "అయ్యో, నా చేతులతోనే వోస్తి గదనే" అని కూలబడింది. అక్క ఆమె చేతులు పట్టుకుని, "నీకెవలన్న ఇడమర్చి చెప్పిండ్రా చిన్నమ్మా? చెప్తే నువ్వు చెయ్యకపోదువా?" అంది. అక్క కూడా ఏడుస్తూనే ఉంది.

గంజి మానిపించాం గాని, అప్పటికే ఆలస్యమైంది. ఆ చలికాలంలోనే బాపు కాలు మోకాలి కింద తీసేశారు. గంజి ఒక్కటే ఆ పని చేసిందని ఇప్పుడు నేను అనను. మా అవ్వ మాత్రం చచ్చేదాకా అదే నమ్మింది. జ్వరం వచ్చినా గంజి ముట్టలేదు.

ఒంటికాలితో గుంట మగ్గం నడవదు. నన్ను బడి మాన్పించి బీడీలు చుట్టడానికి కూర్చోబెట్టమని చుట్టాలు చెప్పారు. బాపు ఎవరినీ గట్టిగా ఒక మాట అనే మనిషి కాదు. ఆ రోజు అన్నాడు. "నా బిడ్డ సదువుకుంటది. గీ ఇంట్ల సదివినోళ్లు ఒక్కలున్నా నా కాలు నాకు ఉంటుండె." తర్వాతి వానాకాలానికి ఆయన లేడు.

నాకూ షుగర్ వచ్చింది. ఏం తినాలో, ఎందుకు తినొద్దో చదువుకున్నదాన్ని కాబట్టి తెలుసుకున్నాను. బాపు వయసు ఎప్పుడో దాటాను, రెండు కాళ్ల మీదే తిరుగుతున్నాను. ఆసుపత్రికి పోయినప్పుడు, డాక్టరు మాటకు తలూపి బయటికి వచ్చే ఆడవాళ్లను చూస్తే ఊరుకోలేను. పక్కన కూర్చుని, "అన్నం తగ్గిచ్చి ఏం వెడ్తవక్కా?" అని అడుగుతాను.

మొన్న ఒకామె గంజి పోస్తానంది. నా కొంగు అంచు నుంచి ఒక నూలు పోగు పీకి, "గిది గంజిల ముంచి ఆరవెట్టి సూడక్కా" అని ఆమె చేతిలో పెట్టాను.