గట్టు మీద కూలబడ్డ బోటు

ఉదయం 6 గంటల 10 నిమిషాలకు కాకినాడలో బయలుదేరాం. వెళ్ళవలసిన దూరం 76 కిలోమీటర్లు. జీపు వెనక నేను స్వయంగా రూపకల్పన చేసిన రెండు చక్రాల ట్రైలరు, బరువు 280 కిలోలు. దాని మీద మా వర్క్‌షాపులో తయారైన 24 అడుగుల ఫైబరు బోటు, బరువు 615 కిలోలు. అనుమతించిన వేగం గంటకు 35 కిలోమీటర్లు (అనుమతించినవాడిని నేనే). ఆత్రేయపురం అవతల ఒక లంక రేవులో సరిగ్గా 11 గంటల 24 నిమిషాలకు ఆ బోటు మొదటిసారి నీటిని తాకాలి. అది పంతులుగారు పెట్టిన ముహూర్తం. దారిలో టీకి ఇరవై నిమిషాలు పోయినా మేము 8 గంటల 40 నిమిషాలకే రేవులో ఉంటామన్నది నేను పెట్టిన లెక్క.

ఆ రోజుల్లో లెక్క తప్పడమనేది ఇతరులకు మాత్రమే జరిగే విషయమని నా నమ్మకం. ఇంజినీరింగు పూర్తయి పద్నాలుగు నెలలు, ఉద్యోగంలో చేరి అయిదు నెలలు. మరొక్క నెల గడిస్తే పర్మనెంటు. ఈ ట్రైలరు వచ్చేదాకా మా ఓనరుగారు బోట్లను లారీల మీద పంపేవారు. ఎక్కించడానికి ఇక్కడొక క్రేను, దించడానికి అక్కడొక క్రేను. ట్రైలరుంటే క్రేనే అక్కర్లేదనీ, వెనక్కి నడిపి నీళ్ళలోకి దించితే బోటు దానంతటదే తేలుతుందనీ పదకొండు పేజీల నివేదిక రాసి ఆయనను ఒప్పించాను. ముందురోజు సాయంత్రం హార్బరు దాకా ఖాళీ ట్రైలరును పరుగెత్తించి, సముద్రపు నీళ్ళలో ముంచి, పైకి లాగి చూపించాను కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ప్రయాణానికి ఇరవైమూడు వస్తువుల జాబితా తయారుచేశాను. అందులో స్టెప్నీ ఉంది, రెండు జాకీలున్నాయి, దూదీ అయోడినూ ఉన్నాయి. బేరింగు లేదు. ఎందుకంటే లెక్క ప్రకారం దాని ఆయుర్దాయం పద్దెనిమిదేళ్ళు.

మండపేట దాటుతుండగా జీపు నడుపుతున్న బాబాయ్ (మా వర్క్‌షాపులో ఓనరుగారితో సహా అందరికీ ఆయన బాబాయే) ముక్కు ఎగబీల్చాడు.

"ఏదో మాడు వాసనొస్తందండి ఇంజినీరుగారూ."

"రైసు మిల్లులు కదా బాబాయ్. ధాన్యం ఉడకబెడుతున్నారు" అని వివరించాను.

"ధాన్యం వాసన నాకు తెలీదేటండి?" అని గేరు మార్చాడు. రావులపాలెంలో వాసన మళ్ళీ వచ్చింది. ఆయన అరటి మార్కెట్టు వైపు ఒకసారి చూసి, "ఇక్కడ అరటిగెలలు ఉడకబెడతన్నారేమోనండి" అన్నాడు, ఎంతో మర్యాదగా. లాకులు దాటి, కుడివైపు కాలవ వెంబడి పోతుంటే, సరిగ్గా 8 గంటల 37 నిమిషాలకు, గమ్యం ఇంకా 4.3 కిలోమీటర్లుండగా, ట్రైలరు ఎడమ చక్రం బయటికి వాలిపోయింది. రోడ్డు మీద ఇనుము రాసుకున్న చప్పుడు. బోటు ఒక పక్కకు ఒరిగి, అలిగిన పెళ్ళికొడుకులా గట్టు మీద కూలబడింది.

జాకీ పెడితే వాననీటికి నానిన నల్లమట్టిలోకి జాకీయే దిగిపోయింది. దాని కింద బోటులోని చెక్క పలక వేసి, చక్రం విప్పి చూస్తే, దాని నడుమ ఉండే హబ్బులో గ్రీజు మజ్జిగలా తెల్లబడి ఉంది. బేరింగులోని రోలర్లు ముక్కలై, లోపలి కంకణం యాక్సిలుకు అతుక్కుపోయింది. కారణం ఆ క్షణంలోనే అర్థమైంది. ముందురోజు పరుగుకు వేడెక్కిన హబ్బును నేను చన్నీళ్ళలో ముంచాను. లోపలి గాలి చల్లారి కుంచించుకుంది, ఖాళీ అయిన చోటికి ఉప్పునీటిని పీల్చుకుంది. చప్పట్లు కొట్టించుకున్న ఆ రెండు నిమిషాల్లోనే బేరింగు ప్రాణం పోయింది. ఇది బాబాయ్‌కి చెప్పలేదు. ఆయన తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "మిల్లు ఇదేనన్నమాట" అన్నాడు.

రావులపాలెంలోని ఒక మెకానిక్కుకు ఫోను చేసి బేరింగు నంబరు చెప్పాను.

"ఆ నంబరు ఎవరు పెట్టమన్నారండి మీకు? రాజమండ్రి నుంచి రావాలండి. మధ్యాహ్నం మూడవుద్ది. ట్రాక్టరు తొట్టి బేరింగు పెట్టుంటే ఇక్కడ కిళ్ళీకొట్లో కూడా దొరుకుద్దండి."

క్రేను వాళ్ళు సాయంత్రం వస్తామన్నారు. ధాన్యం ట్రాక్టరు ఒకటి ఆగింది గానీ దాని తొట్టి పన్నెండు అడుగులు. సగం బోటు వెనక వేలాడితే తొట్టి ముందు భాగం లేచిపోతుందని కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ట్రాక్టరాయన బొమ్మను శ్రద్ధగా చూసి, "బాగా గీశారండి" అని వెళ్ళిపోయాడు. ఇంతలో ఓనరుగారి ఫోను. ఆయన ఎప్పుడూ గొంతు పెంచేవారు కారు. అదే భయంగా ఉండేది. "బోటు కొన్న ఆసామి మనకి ముందే చెప్పాడు బాబూ. ఇవాళ బోటు నీళ్ళలో దిగకపోతే వెనక్కి పంపేస్తానన్నాడు. అది వెనక్కొస్తే దాంతోపాటు నువ్వు రానక్కర్లేదు."

9 గంటల 50 నిమిషాలకు బోటు ఆసామి మోటారుసైకిలు వెనక వాళ్ళమ్మను కూర్చోబెట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, తరతరాల గోదావరి వేట. కొత్త బట్టలకు పసుపు బొట్లు ఇంకా తడిగానే ఉన్నాయి. ఒరిగిన బోటు చుట్టూ ఒకసారి తిరిగి, నా పక్కన కూలబడ్డాడు. "రేపట్నుంచి మూఢమండి. ముహూర్తాల్లేవు. అది వదిలేసరికి గోదాట్లో వరద ఎర్రనీరు వచ్చి ఎల్లిపోద్ది. పులస చేపల సీజనంతా ఒడ్డున కూకోవాలండి నేను. పాత పడవ అమ్మేశానండి దీనికోసం." నా ఉద్యోగం సంగతి ఆయనకు చెప్పాలనిపించలేదు, ఆయన సంగతి ముందు అది చిన్నదిగా కనిపించింది.

మామ్మగారు (ఆసామి తల్లిని అక్కడివాళ్ళంతా అలాగే పిలిచారు) గట్టు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, నా జాకీలనూ స్పానర్లనూ కాగితాలనూ కొంతసేపు పరిశీలించారు.

"పడవ ఎక్కడ తేలుద్ది బాబూ?" అన్నారు.

"నీళ్ళలోనండి."

"మరి నీ పక్కన పారేదేంటి?"

ఒక గంటా ఇరవైమూడు నిమిషాలుగా నేను కాలవకు వీపు పెట్టి కూర్చుని, బోటును ఏ వాహనం మీద ఎక్కించాలా అని లెక్కలు వేస్తున్నానన్న సంగతి అప్పుడు తెలిసింది. బాబాయ్ కాలవ వైపు చూశాడు, నా వైపు చూశాడు, దగ్గాడు. ఆసామి మాత్రం ఒప్పుకోలేదు. "గోదాట్లో దిగాల్సిన బోటమ్మా. కాలవలో దింపితే కాలవ బోటంటారు."

"ఈ నీళ్ళు ఎక్కడియ్యిరా? ధవళేశ్వరం కాడ గోదారమ్మ వదిల్నియ్యి కావూ? మీ తాత ఈ కాలవలోనే తాడు లాగుకుంటా రాజమండ్రి ఎల్లొచ్చేవోడు. ఆయన్నేమన్నా కాలవోడన్నారా?" ఆవిడ నా వైపు తిరిగారు. "నువ్వు ముహూర్తం టైము చూడు బాబూ. జనాన్ని ఇక్కడికి రమ్మంటాను."

ఆ తరువాతి గంట నా జీవితంలో అత్యంత వేగంగా గడిచిన గంట. బాబాయ్ ట్రైలరు కొక్కెం విప్పి, పంతులుగారినీ పులిహోర గిన్నెలనూ తేవడానికి జీపేసుకుని రేవుకు వెళ్ళాడు. చుట్టాలు ఆటోల్లో, సైకిళ్ళ మీద దిగారు. ఎదుటి తోటలో గెలలు కోసేసిన అరటిబొందలు తొమ్మిది మోసుకొచ్చి గట్టువాలున పరిచారు. వాలు పద్దెనిమిది డిగ్రీలు. అరటిబొంద మీద ఫైబరు ఎంత జారుతుందో ఏ పుస్తకంలోనూ లేదు (వెతికాను). అందరూ కలిసి బోటును ట్రైలరు మీంచి బొందల మీదికి నెట్టారు. బొందలు చిట్లి జిగురు కారింది. 11 గంటల 20 నిమిషాలకు బోటు ఎవరి అనుమతీ లేకుండా బయలుదేరింది.

"పట్టండి, పట్టండి" అన్నారెవరో. ఇరవైరెండు మంది తాడు పట్టుకున్నారు. చెట్టుకు చుడదామంటే దగ్గరి చెట్టు తాడుకు పదడుగుల దూరంలో ఉంది. జీపుకు కడదామంటే జీపు లేదు. బోటు ముక్కు నీటికి మూరెడు దూరంలో ఆగింది. ఆసామి కాలవలోకి దూకి, నడుము లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులతో బోటును పైకి నెడుతున్నాడు, ముహూర్తానికి ముందు తడవనివ్వకూడదని. పంతులుగారింకా దారిలో జీపులోనే ఉన్నారు, మంత్రాలు ఫోను స్పీకరులో వినిపిస్తున్నాయి. సెకన్లతో సహా టైము చూస్తున్నది నేనొక్కడినే.

"అయ్యిందాండి?"

"ఇంకా రెండు నిమిషాల పది సెకన్లు."

"రెండు నిమిషాలంటే రెండు అనండి, పది సెకన్లేంటండి మళ్ళీ" అని తాడు మధ్యలోంచి ఒకాయన మూలిగాడు. నా ఎడమ చెప్పు బురదలో ఉండిపోయింది. బోటు అంగుళం జారింది. మరో అంగుళం. ఆసామి పాదాలు బురదలో వెనక్కి జారుతున్నాయి. తాడు వదిలితే 615 కిలోలు నేరుగా ఆయన గుండె మీదికి.

"తప్పుకోండి" అని అరిచాను.

"ముహూర్తం అయ్యిందాండి?" అన్నాడాయన, కదలకుండా.

ఫోనులో 11 గంటల 23 నిమిషాల 20 సెకన్లు. ఆ మనిషి ముహూర్తం అయితే తప్ప జరగడు. నేను ఫోను జేబులో పెట్టేశాను.

"అయ్యిందండి. సరిగ్గా అయ్యింది."

ఆయన పక్కకు దూకాడు. తాడు వదిలారు. బోటు అరటిబొందల మీంచి జర్రున జారి, కాలవలోకి దూకి, అందరినీ తడిపి, ఒక్కసారి ఊగి నిటారుగా నిలబడింది. కొబ్బరికాయలు పగిలాయి. మామ్మగారు వంగి బోటు ముక్కుకు పసుపు రాశారు. ఆ తరువాత తాడు పట్టుకుని గట్టు వెంబడి ఎదురునీటిలో ఊరేగింపులా లాక్కుపోయాం. కాలవకూ గోదావరికీ మధ్య మిగిలిన మూడువందల గజాలు భుజాల మీద మోశాం. నేనూ మోశాను, ఒక కాలికి చెప్పు లేకుండా, మధ్యమధ్యలో పులిహోర తింటూ. అంత సంతోషం నాకు ఏ లెక్క సరిపోయినప్పుడూ కలగలేదు.

ఇప్పుడు నేను గీసే ట్రైలర్లన్నిటికీ ట్రాక్టరు తొట్టి బేరింగులే. పదకొండు పేజీల నివేదిక తెచ్చే కుర్రవాళ్ళెవరైనా వస్తే పూర్తిగా చదువుతాను. ఆనాటి నా చేతిరాత కనిపించినట్టుంటుంది.

ఖర్చు: బేరింగు, హబ్బు, యాక్సిలు మరమ్మతు కలిపి 6,850 రూపాయలు, నా జీతంలోంచి మూడు వాయిదాల్లో. ట్రైలరును మర్నాడు తెచ్చిన ట్రాక్టరుకు 1,500, ఓనరుగారే ఇచ్చారు. పోయినవి: ఒక స్పానరు, ఒక చెప్పు, బోటులోని ఒక చెక్క పలక. పోనివి: ఉద్యోగం, ఆసామి పులస సీజను. ముహూర్తంలో తేడా: నలభై సెకన్లు, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.