కొంగులో లేచిన చెయ్యి

ఈ రోజు ఉదయం మా ఊళ్లో గ్రామసభ జరిగింది. ఊరి పక్కన వేరుశనగ పండే చేలను ఇళ్ల ప్లాట్లుగా మారుస్తామని రాయచోటి నుంచి వెంచర్ వాళ్లు వచ్చారు. అందులో మా తోడికోడలు ఓబులమ్మ వాళ్ల చేనూ ఉంది. మా మరిదిని పూడ్చింది ఆ చేనిలోనే. ఇప్పుడది కొడుకు పేరు మీద ఉంది. వాడు అమ్మడానికి ఒప్పుకున్నాడు.

"సమాధి చుట్టూ పార్కు చేస్తాం పెద్దమ్మా, బెంచీలు కూడా వేస్తాం" అన్నాడు వెంచర్ అబ్బాయి, రంగుల బొమ్మ చూపిస్తూ. బతికినన్నాళ్లూ ఆ చేనిలో ఒక్క పూటైనా కూర్చుని ఎరగని మనిషికి ఇప్పుడు బెంచీలు!

నిన్న ఓబులమ్మే మా ఇంటికొచ్చి, "నువ్వు లేచి చెప్పక్కా, నీ ఎనకాలే నేనూ చెయ్యెత్తుతా" అంది. అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తమని అధికారి అడగగానే నేను ఎత్తాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంకెవరి చెయ్యీ లేవలేదు.

బయటికొచ్చాక గట్టిగానే అడిగాను.

"ఏమ్మే ఓబులమ్మా, నీ చెయ్యి యాడ పోయింది?"

"ఎత్తినానక్కా. కొంగు లోపల ఎత్తినా. కొడుకు ఎదురుగానే కూర్చోనుండె. రేపు నాకింత కూడు పెట్టాల్సింది వాడే గదా."



సభలో ఒక్క అభ్యంతరమే అని రాసుకున్నారు. లెక్క తప్పితే నేను ఊరుకోను. ఆ లెక్క తప్పు, అక్కడ లేచినవి రెండు చేతులు. రెండోదాన్ని ఎక్కడ రాయించాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.