సూర్యకళ పడవ పేరు మారిన కథ

గాలివానలో పడవ ఎలాగో ఒడ్డు చేరింది. సింహాద్రి చేరలేదు. అలకు జారిపోయిన అన్న కోసం రాము పొద్దుగూకేదాకా వెతికి ఒక్కడే తిరిగొచ్చాడు. తర్వాత కూడా శవం దొరకలేదు.

సింహాద్రి భార్య సూర్యకళ జాలరిపేటలోనే పుట్టి, జాలరిపేటలోనే కాపురం చేసిన మనిషి. పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మద్దిలపాలెం వీధులన్నీ తిరిగి అమ్మేది. బేరంలో ఆమెను గెలవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. అలాంటి మనిషి, సర్కారు ఆఫీసు గుమ్మం ఎక్కేసరికి ఎవరిని ఏమడగాలో తెలియక నిలబడిపోయేది.

పడవ సింహాద్రి పేరున ఉంది. అది సూర్యకళ పేరుకు మారితేగాని రాము దాన్ని వేటకు తీసుకెళ్లడానికి లేదు. పేరు మారాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. శవం దొరకలేదు కాబట్టి పోలీసుల తుది నివేదిక తెమ్మన్నారు ధ్రువపత్రాల ఆఫీసులో. స్టేషన్లో విచారణ ఎప్పుడో అయిపోయింది. కానీ నివేదిక కావాలని ధ్రువపత్రాల ఆఫీసు నుంచి లేఖ వస్తేనే ఇస్తామన్నారు. ఆ లేఖ కోసం మళ్లీ ధ్రువపత్రాల ఆఫీసుకొస్తే, దరఖాస్తుతో పాటు నివేదిక లేనిదే లేఖ రాయడం కుదరదన్నారు.

ఎవరూ ఆమెను కసరలేదు. "ఇంకో కాగితం తక్కువైందమ్మా" అనేవారు, అంతే. చదువు రాని తనకే సరిగ్గా అడగడం చేతకావడం లేదని సూర్యకళ అనుకుంది. ఇసుకలో పడవ రంగు పెచ్చులూడుతుంటే చూడలేక వెనక సందులోంచి బజారుకెళ్లేది.

ఆ రోజుల్లోనే సాయిశంకర్ ధ్రువపత్రాల ఆఫీసుకు వచ్చాడు. వాళ్లది స్టీలుప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. అతను మధురవాడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తున్నాడు. ప్రభుత్వ సేవల్ని ఆన్‌లైన్‌లో పెట్టేముందు, ఒక దరఖాస్తు ఏ బల్ల నుంచి ఏ బల్లకు వెళ్తుందో, ఎక్కడ ఎవరు ఏం నిర్ణయిస్తారో బొమ్మగా గీయడం అతని పని. రెండు ఆఫీసులవాళ్లూ చెప్పింది విని రెండు బొమ్మలు గీశాడు. దేనికది చక్కగానే ఉంది. అతని పై అధికారి ఆశాజ్యోతి వాటిని చూసి, "ఇది కాగితాలిచ్చేవాళ్లు చెప్పింది. కాగితాల కోసం తిరిగేవాళ్లని కూడా అడుగు" అంది.

అలా అతను వరండాలో కూర్చున్న సూర్యకళ దగ్గరికి వెళ్లాడు.

"మీ పని ఎక్కడ ఆగిందో చెప్తారా అమ్మా?"

"నానేటి సెప్పగలను బాబూ? నాకు సదువు రాదు. ఇక్కడికొత్తే అక్కడి కాగితం తెమ్మంతన్నారు. అక్కడికెల్తే ఇక్కడిది తెమ్మంతన్నారు."

సాయిశంకర్ ల్యాప్‌టాప్‌లో రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి, ఆమె తిరిగిన దారిని గీతగా గీశాడు. గీత గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చింది. అతను తెరను ఆమె వైపు తిప్పాడు.

"చూడండి. వీళ్లు వాళ్ల కోసం ఆగారు, వాళ్లు వీళ్ల కోసం ఆగారు. మీరెలా అడిగినా ఇది కదలదు."

"అయితే తప్పు నాది కాదేటి?"

"కాదమ్మా. దారే అలా ఉంది."

సూర్యకళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పేటంతా ఎన్ని విధాల ఓదార్చినా దిగని బరువేదో ఆ మాటతో దిగింది.

కొన్నాళ్లకు ఆశాజ్యోతి రెండు ఆఫీసులవాళ్లనీ ఒక గదిలో కూర్చోబెట్టి ఆ బొమ్మను గోడ మీద చూపించింది.

"మేం రూలు ప్రకారమే చేశాం" అన్నాడు పోలీసు అధికారి.

"మేమూ అంతే" అంది ధ్రువపత్రాల అధికారిణి. ఆపైన ఇద్దరూ లేచెళ్లి బొమ్మలోని గీతను మొదటి నుంచి చూశారు. విచారణ ముగియగానే నివేదిక స్టేషను నుంచి కంప్యూటర్లో నేరుగా ధ్రువపత్రాల ఆఫీసుకు చేరాలనీ, ఇక ఎవరూ లేఖ అడగనక్కర్లేదనీ ఆ పూటే తేల్చారు.

సింహాద్రి నివేదిక కూడా అలాగే చేరి, ధ్రువపత్రం వార్డు సచివాలయానికి వచ్చింది. అక్కడి ఉద్యోగిని పుష్ప, సింహాద్రి పేరు చదివి కాగితం అందించబోతే, రాముతో కలిసి వెళ్లిన సూర్యకళ చెయ్యి చాపలేకపోయింది.

"దీని కోసమే తిరిగాను గానమ్మా, ఇది సేతికొత్తే ఆయన నిజంగా పోయినట్టే కదేటి!"

పుష్ప తొందరపెట్టలేదు. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి పక్కనే నిలబడింది. చాలాసేపటికి రాము తీసుకోబోతే, వద్దని సూర్యకళే అందుకుంది.

పడవ ఆమె పేరుకు మారింది. కొత్త రంగు పడింది. వేటకు పోయే రోజు పొద్దున్నే రమ్మని కబురంపితే సాయిశంకర్ బండి మీద వచ్చాడు. సూర్యకళ పడవ ముందు కర్పూరం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి గంగమ్మకు దండం పెట్టుకుంది.

"నా పిల్లలు, మా మరిది సల్లగుండాల తల్లీ. మదురోడ కంప్యూటరు బాబు, ఆళ్ల మేడమ్మగారు, ఆ టేసను బాబు, కాగితాలమ్మగారు, అందరూ సల్లగుండాల."

సాయిశంకర్ కూడా చేతులు జోడించాడు.

"వొదినా, ఇంకెవరైనా ఉన్నారేటి? పొద్దెక్కిపోతంది" అన్నాడు రాము పడవలోంచి.

"ఎక్కనీరా. పుష్పమ్మ పేరు ఇంకా సెప్పలేదు" అంది సూర్యకళ, కళ్లు తెరవకుండానే.