నీలం మంట

2010 వేసవిలో భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లలో మా పక్కింటాయన బొగ్గుగనిలో గ్యాసును పరీక్షించే ఉద్యోగి. ఏ మంట కనిపించినా, అది పొయ్యిలోదైనా సరే, తల వంచి ముందుగా దాని అంచు రంగు చూసేవాడు.

ఒక సాయంత్రం తూర్పున చిత్త నక్షత్రాన్ని చూపి ఆయనకు లెక్కలు చెప్పాను. ఉపరితలం వేడి ఇరవై రెండు వేల డిగ్రీల పైమాట, సూర్యుడికి నాలుగింతలు. వయసు కోటి ఏండ్లకు కాస్త ఎక్కువ, అంటే నక్షత్రాల్లో పసిది. అంతగా మండుతుంది కనుక త్వరగా ముగిసిపోతుంది.

"నీలంగున్నది గద సారూ! గనిల దీపం మంట మీద నీలం కనవడితే గ్యాసున్నట్టే. ఉరికి బైటపడాలె," అన్నాడు. గొంతు తగ్గించాడు. "మా పిలగాడు ఉద్యమంల గొంతు చించుకున్నన్ని దినాలు నాకు రంది లేకుండె. ఇప్పుడు అరుస్తలేడు, తింటలేడు. సల్లగ నవ్వుతాండు. ఏమన్న జేసుకుంటడేమో సారూ."

మర్నాటి నుంచి ఆయన డ్యూటీ మాని, కొడుకు ఎటు వెళ్తే అటు పది అడుగుల వెనక నడిచాడు. ఇలా ఎన్నాళ్లని అడిగాను.

"తెలంగాణ వచ్చేదాక."

ఆ తేదీ అప్పటికి ఎవరికీ తెలియదు.