ప్రశ్న అడిగి ఆగే టీచరమ్మ

మా చిన్నప్పుడు టీవీ లేదు... కాబట్టి దాన్ని చెడగొట్టారని ఏడ్చే అవకాశమూ లేదు. ఆ ఏడుపు మా మనవరాలి చిన్నప్పుడు మొదలైంది.

తొంభైల్లో బెంగళూరు బొమ్మనహళ్ళిలో రెండు గదుల వాటా మాది. సాయంత్రం కేబుల్లో ఓ తెలుగు పిల్లల కార్యక్రమం వచ్చేది. పేరు చెప్పను... ఇప్పుడు నడిపేవాళ్ళకి ఆ గొప్ప ఎందుకు?

ఒక బల్ల, ఒక బోర్డు, నూలుచీర కట్టుకున్న ఒక టీచరమ్మ. అంతే. ఆవిడ ఏదో ఒక వస్తువు ఎత్తి చూపించి, "ఇదేమిటో చెప్పండి" అని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఊరుకునేది. ఊరుకోవడమంటే... నిజంగా ఊరుకోవడమే. పాటా లేదు, గంటా లేదు.

పక్క వాటా కన్నడావిడ ఓసారి తొంగి చూసి, "ఏనమ్మా, టీవీ కెట్టు హోయ్తా?" అంది.

"చెడిపోలేదప్పా... ఆలోచిస్తా ఉండాది" అన్నాను.

మా మనవరాలు శ్రావణికి అప్పుడు ఐదేళ్ళు. నత్తి. మొదటి అక్షరం దగ్గరే గడియ పడిపోయేది. దాని మాట పూర్తయ్యేదాకా ఆగిన మనిషి మా ఇంట్లో లేడు. వాళ్ళమ్మకి గార్మెంట్స్‌లో షిఫ్టు, వాళ్ళ నాన్నకి బస్సు డ్యూటీ. నేనా... ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. తప్పో ఒప్పో, జవాబు వెంటనే రావాలి నాకు.

టీచరమ్మ మాత్రం ఆగేది. పిడికిళ్ళు బిగించి "జ... జ... జల్లెడ" అనేది శ్రావణి. సరిగ్గా అప్పుడే ఆవిడ నవ్వి "భలే!" అనేది. ఆ భలే తనకేనని దాని నమ్మకం. నేనెప్పుడూ కాదనలేదు. ఆ ఏడాది చివరికి కిరాణా కొట్లో తనే నోరు తెరిచి అడిగి ధనియాలు తెచ్చింది. మా ఇంట్లో ఆ రోజు పాయసం.

తర్వాత కార్యక్రమం బాగుపడింది. అలా అన్నారు మరి. ముందు ఆ మౌనంలో గడియారం టిక్కుటిక్కుమంది. తర్వాత సంగీతం. ఆ తర్వాత టీచరమ్మే లేదు... రంగురంగుల సెట్టు, గంతులేసే ఇద్దరు యాంకర్లు, ఎదురుగా కూర్చోబెట్టిన పిల్లల గుంపు. ప్రశ్న సగంలో ఉండగానే గుంపు అరిచేది. మా పిల్ల మొదటి అక్షరం దగ్గర ఉండగానే అక్కడ ఏనుగూ విమానమూ అయిపోయి సబ్బు ప్రకటన వచ్చేది.

"అవ్వా... టీ... టీచరుకి నే... నేను వినబడలేదా?" అంది ఓ రోజు.

కార్యక్రమం వాళ్ళకి ఉత్తరం రాశాను. రెండు పేజీలు, ఒక్క కొట్టివేత లేకుండా. జవాబుగా కొత్త యాంకర్ల ఫోటో వచ్చింది... వెనక సంతకాలతో.

సరే, నేనేం తక్కువ అనుకున్నాను. నూలుచీర కట్టుకుని, టీవీ ఆపేసి, జల్లెడ పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. "ఇదేమిటో చెప్పమ్మా."

ఆగాను. అది పిడికిళ్ళు బిగించింది. "జ... జ..." ఇంకా ఆగాను. "జ..."

"జల్లెడ!" అనేశాను.

నోరు జారిందని అబద్ధం చెప్పను... ముప్పై ఏళ్ళ అలవాటు.

అది కోప్పడలేదు. నా వంక ఒకసారి చూసి, పిడికిళ్ళు వదిలేసి, రంగు పెన్సిళ్ళు తెచ్చుకుని బొమ్మలు వేసుకుంది. తర్వాత ఎన్నోసార్లు పిలిచాను. తల ఊపేది. వేలితో చూపించేది. కొట్టుకి పంపితే చీటీ రాసుకుని వెళ్ళేది.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి కాలేజీ సీటు కోసం తీసుకెళ్ళాం. అక్కడి మేడమ్ "నీ పేరేంటమ్మా?" అంది. శ్రావణి సంచిలోంచి పెన్ను తీసి, కాగితం మీద రాసి ఇచ్చింది. ముత్యాల్లాంటి దస్తూరి. నేనే నేర్పాను.

ఆ కార్యక్రమం ఇంకా వస్తూనే ఉండాది. ఇప్పుడు ప్రశ్నలు అడగడం కూడా మానేశారు. జవాబులే చెప్పుకుంటూ పోతున్నారు.

మీ ఇంట్లో మాట తడబడే పిల్లలుంటే, వాళ్ళు పూర్తి చేసేదాకా ఆగినవాళ్ళు మీలో ఉంటే, ఎలా ఆగారో కింద రాయండి... నాకిప్పుడు ఎంతసేపైనా ఆగే తీరిక ఉంది. నోరు తెరిచి చెప్పే మనిషే లేదు.