ఖాళీ పేజీ కింద సంతకం

మంగళవారం పొద్దున్నుంచీ ముసురు. టేక్మాల్ దగ్గర మా పొలంలో నాట్లు పడుతున్నాయి. నారు కట్టలు గట్టు మీదికి మోస్తుంటే మెదక్ నుంచి ఫోన్ వచ్చింది. మా ఊరి మాజీ సర్పంచమ్మ పోయిందని ఆమె కోడలు చెప్పింది. ఆరింటికి చాయ్ ఇద్దామని లేపితే లేవలేదట. పని మా ఆవిడకు అప్పజెప్పి బయల్దేరాను.

ఆమె మెదక్‌కు వచ్చి చాలా ఏళ్లయింది. ఆ వీధివాళ్లకు ఆమె బొడ్లో దోపుకున్న పెన్ను గుర్తుండే ఉంటుంది. ఏ కాగితం వచ్చినా వేలు పెట్టి అక్షరం అక్షరం చదివేది.

"అవ్వా, జర జల్ది కానియ్యిండ్రి. ఇంక పది ఇండ్లు తిరగాలె," అని కొరియర్ ఆయన గునిసేవాడు.

"తిరుగు బిడ్డా, ఎవలొద్దన్నరు? సంతకం నాది గదా."

ఆ అలవాటు నా వల్ల వచ్చింది. ఆమె సర్పంచ్‌గా ఉన్నప్పుడు నేను పంచాయతీ కారోబార్‌ను, రాతపని నాది. కుర్చీలో ఆమె భర్త కూర్చునేవాడు. నేను తీర్మానాల పుస్తకం వంటింటికి తీసుకుపోయి, ఒకేసారి పది ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టించుకొచ్చేవాణ్ణి. చుట్టుపక్కల ఊళ్లలోనూ అట్లాగే నడిచేది. అందులో ఒక పేజీ మీద, ఆమె భర్త చెప్పినట్టు, బడి జాగను రైస్ మిల్లుకు ఇస్తున్నట్టు రాశాను. గ్రామసభలో ఆడవాళ్లు ఆమెను నిలదీశారు. తనకు తెలియదని ఆమె అనలేదు. "సంతకం నాదే," అంది. నా పేరు ఎత్తలేదు.

తర్వాత చాలా ఏళ్లకు మలావి దేశం నుంచి తియామికే అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాద్‌లో శిక్షణ ముగించుకుని, మహిళా సర్పంచుల గురించి తెలుసుకోవడానికి మెదక్‌లో సర్పంచమ్మ ఇంట్లో మూడు నెలలు కిరాయికి ఉంది; ఆమెను అమ్మ అని పిలిచేది. వాళ్ల మాటలు నేను తెలుగులోకీ ఇంగ్లీషులోకీ మార్చి చెప్పేవాణ్ణి. "సర్పంచ్ మీరైతే కుర్చీలో ఆయన ఎందుకు?" అని గోడ మీది పాత పంచాయతీ ఫొటో చూసి మొదటి రోజే అడిగింది.

"గదే అడుగుదామనుకున్న తియమ్మా. అడిగేలోపల ఐదేండ్లు అయిపాయె."

తియామికే తన దేశం పోయి, ఇరవై ఏడేళ్లకే పార్లమెంటుకు ఎన్నికైంది. సర్పంచమ్మ ఫోన్‌లో ఫొటో చూసి ఒక్కటే అడిగింది: "కుర్చీల నువ్వే కూసుంటున్నవా?"

సర్పంచమ్మ పోవడానికి ముందురోజు, సోమవారం మధ్యాహ్నం, నేను ఎరువుల కోసం మెదక్ వచ్చి ఆమె ఇంట్లో ఉన్నప్పుడు తియామికే వీడియో కాల్ చేసింది. అక్కడ మళ్లీ ఎన్నికలు. టికెట్ కావాలంటే తేదీ లేని రాజీనామా కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలని పార్టీ అడుగుతోంది. ఎప్పుడు ఎదురు తిరిగితే అప్పుడు తేదీ వేసుకుంటారు. మర్నాడు తొమ్మిదింటికి మీటింగు. అందరూ పెడుతున్నారు. పెట్టకపోతే ఇన్నేళ్ల పని పోతుంది.

సర్పంచమ్మ నా వైపు చూసింది. "బడి జాగ సంగతి చెప్పు."

"ఎవలు రాసిన్రని అడుగుతే?"

"రాసినోడివి నువ్వే గదా. దాచకుండ చెప్పు."

నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నేనే రాశానని కూడా చెప్పాను.  అమ్మ ఏం చెయ్యమంటుందో అడగమని తియామికే అంది.

"పెట్టుమని అనను, వద్దనీ అనను. టికెట్ పోతే తిప్పలు దానివే. గని ఆ సంతకం మీద ఎవలేం రాసినా జవాబు తనే చెప్పాలె. గది చెప్పు."

చెప్పాను. కాల్ అయిపోయింది.

"అంతా చెప్పినవా?"

"చెప్పిన."

"మంచిది. చాయ్ తాగి పో."

నాతో ఆమె ఆఖరి మాట అదే.

మంగళవారం పన్నెండున్నరకు, ముసురులోనే, సర్పంచమ్మను ఇంట్లోంచి తీసుకుపోయారు. ఒంటిగంటకు దారిలో నాకు తియామికే మెసేజ్ వచ్చింది. అమ్మకు చెప్పమని రాసింది. సంతకం పెట్టకుండా, అక్కడి టైం తొమ్మిదిన్నరకు, తియామికే పార్టీ ఆఫీసు నుంచి వెళ్లిపోయింది.